పదును లేని కత్తి

ముసలావిడ సంచీలోంచి కత్తి బయటపడింది.

"దొరికింది మేడమ్!" వాచ్‌మన్ దాన్ని టపీమని కౌంటర్ మీద పెట్టాడు.

లైబ్రేరియన్ హమ్మయ్య అనుకుంది. యూనివర్సిటీ లైబ్రరీ యూరప్ భాషల విభాగంలో కొన్నాళ్లుగా పుస్తకాల్లోంచి రంగుల బొమ్మలు మాయమవుతున్నాయి. అవన్నీ పేరు చెప్పని దాత ఎవరో పంపిన పుస్తకాలు. మిగతా సగం కూడా పంపుతానని మాటిచ్చిన మనిషి. ఈ సంగతి ఆయన చెవిన పడిందంటే, ఇక పంపినట్టే!

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా," ఫ్రెంచి ప్రొఫెసర్ చంకలో ఫైలు సర్దుకున్నాడు. "ఎవరూ ముట్టని బీరువా దగ్గరే రోజంతా కూర్చుంటుంది. చదివే మొహమేనా అది?"

"కత్తెందుకమ్మా?" లైబ్రేరియన్ నిలదీసింది.

"పేజీలు విడదీయడానికి తల్లీ. ఈ పాత ఫ్రెంచి పుస్తకాలు అంచులు కొయ్యకుండానే వచ్చేవి. చూడు, దీనికి పదును కూడా లేదు."

"మిమ్మల్నెవరు విడదీయమన్నారు?"

"ఎవరూ అనలేదు. పుస్తకాలు అలా నోరు మూసుకుని పడుంటే చూడలేక..."

"మరి బొమ్మలేవి?"

ఆవిడ మొహం పాలిపోయింది. "బొమ్మలు పోతున్నాయా?"

"అబ్బో, ఏం నటన!" అన్నాడు ప్రొఫెసర్.

లైబ్రేరియన్ ఆవిడ లైబ్రరీ కార్డు పర్రున చింపేసింది. "మళ్లీ ఈ గుమ్మం తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను."

ఆవిడ కత్తిని కౌంటర్ మీదే వదిలేసింది.

"ఉంచుకో తల్లీ. బీరువాలో చివరి అర ఇంకా మిగిలిపోయింది."

వారం తిరక్కుండానే ఇంకో బొమ్మ పోయింది.

పాఠాలు చెప్పేవాళ్ల సామాను వెతికే అలవాటు ఆ గేటుకి లేదు. ఆ రోజు మాత్రం ఎవర్నీ వదలొద్దని లైబ్రేరియన్ వాచ్‌మన్‌తో చెప్పింది.

ప్రొఫెసర్ ఫైలు తెరవగానే బొమ్మ జారింది. వెనకే బ్లేడు.

"అది... క్లాసులో చూపిద్దామని..." ఆయన నసిగాడు.

అంతలో రిజిస్ట్రార్ రొప్పుతూ వచ్చాడు.

"కొంప మునిగింది! మిగతా పుస్తకాలు వేరే యూనివర్సిటీకి ఇచ్చేస్తున్నారట!"

"ఎవరు సార్?" లైబ్రేరియన్ అడిగింది.

"ఇంకెవరు, దాత! పాపం పెద్దావిడ, తనిచ్చిన పుస్తకాలకి తనే పేజీలు విడదీసుకుంటుంటే కార్డు చింపి గెంటేశారట. ఎవరయ్యా ఆ పని చేసింది?"

లైబ్రేరియన్ గబుక్కున ప్రొఫెసర్ వైపు చూసింది.

వాచ్‌మన్ మాత్రం ఆవిడ మీంచి చూపు తిప్పలేదు.

"మేడమే సార్."