రాతిమాను ముక్క

"ఏ కంటితో చూస్తావప్పా?"

మైక్రోస్కోపు మీద వంగి ఉన్న సంజీవప్ప తలెత్తాడు.

బోటనీ ల్యాబు కిటికీ అవతల చౌడమ్మ నిలబడి ఉంది. సీతాఫలాల కాలమంతా పెనుకొండ నుంచి బస్సెక్కి వచ్చి, ఈ హిందూపురం కాలేజీ గేటు దగ్గర గంప దించుతుంది. అమ్మగా మిగిలిన పండ్లు తెచ్చి కిటికీలో పెట్టి, లెక్చరర్ సంజీవప్పనే చూస్తూ నిలబడుతుంది.

"కుడి కంటితో," అన్నాడు ముభావంగా.

"బాగా కనపడతాందా?"

"కనపడతాంది."

ఆమె ముఖం విప్పారింది. అదే ఆయనకు నచ్చలేదు.

రెండేళ్ళ కిందట కుడికంట్లో పువ్వు వేసి చూపు పోయింది. బెంగళూరు డాక్టర్లు ఆపరేషన్ చేసి తెప్పించారు. చూపు వచ్చింది గానీ పిల్లలు పెట్టిన పేరు పోలేదు. బోర్డు వైపు తిరిగితే చాలు, "అతుకు కన్ను సార్" అని వెనక గుసగుసలు. ఎవరు తన ముఖంలోకి చూసినా ఆ కంటినే చూస్తున్నారనిపించేది.

"దాంట్లో ఏముండాదప్పా?"

"రాయి."

"రాయిని చూసేకి ఇంత తంటానా?"

ఆయనకు నవ్వొచ్చింది. పాఠం చెప్పే నోరు ఊరుకోదు కదా.

"ఒకప్పుడు అది మాను. అట్లాంటి మాను ఇప్పుడు లోకంలో యాడా లేదు. ఉత్తరాది కొండల్లో రాయైపోయి దొరికింది. దాన్ని కోసి, కాగితం కన్నా పలచగా అరగదీసి, ఈ గాజు పలక మీద అతికించినారు. వెలుగు పడితే లోపలంతా కనపడతాంది. ఒకే బెరడు లోపల ఐదు మాన్లు ఉన్నట్టు, గుండ్రంగా ఐదు కట్టెలు. కణాలన్నీ తేనెపట్టు గదుల మాదిరి అట్లే ఉండాయి."

"అది చచ్చి ఎన్నాళ్ళాయ?"

"కోట్ల ఏండ్లు."

"ఐనా లోపల అట్లే ఉండాదా?"

"అట్లే ఉండాది."

చౌడమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంది. పిచ్చి ముసలమ్మ, రాయికి కూడా ఏడుస్తుంది అనుకున్నాడు సంజీవప్ప.

ఒకరోజు ప్రాక్టికల్స్ జరుగుతుండగా ఆమె ఏకంగా లోపలికే వచ్చేసింది. ఆయన మైక్రోస్కోపు మీంచి తలెత్తేసరికి ఎదురుగా నిలబడి ఉంది. చెయ్యి చాచి, ఆయన కుడికంటి కింద వేలితో మెల్లగా తాకింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. మోచేయి తగిలి మైక్రోస్కోపు ఒరిగింది. గాజు పలక జారి కిందపడి ముక్కలైంది.

పిల్లలు కిసుక్కున నవ్వారు.

కాలేజీకంతా ఉన్నది ఆ ఒక్క రాతిమాను పలకే. అయినా దానికన్నా ఆ నవ్వే ఆయన్ను మండించింది.

"నా కన్ను నీకు తమాషాగా ఉండాదా? ఇంగొకసారి ఈ గడప తొక్కితే మర్యాదుండదు!"

"తమాషాకు కాదప్పా..."

ఆ మాట పూర్తి చేయనివ్వలేదు. ఆమె చతికిలబడి గాజు ముక్కలన్నీ ఏరి కొంగున కట్టుకుంది.

"అతికిచ్చుకోని తెస్తాలేప్పా," అని లేచి వెళ్ళిపోయింది.

పీడ విరగడైందనుకున్నాడు. సీతాఫలాల కాలం అయిపోయింది. ఆ తర్వాత ఎందుకో కిటికీ బోసిగా కనిపించసాగింది.

ఎండలు ముదురుతుండగా ఒక అమ్మాయి ల్యాబు గుమ్మంలోకి వచ్చింది.

"చౌడమ్మ కూతుర్ని సార్, నీలావతి. మాయమ్మ చలికాలంలో జరమొచ్చి పోయింది."

చేతిలోని గుడ్డమూట విప్పింది. అందులో గాజు పలక. ముక్కలన్నీ జిగురుతో అతికించి ఉన్నాయి.

"ధర్మవరంలో పటాలు కట్టే అంగడి కాడ కూచోని అతికిచ్చుకొచ్చింది సార్. వద్దన్నా వినకుండా జరంతోనే పోయింది. మీకిచ్చి రమ్మనింది."

సంజీవప్ప దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పండ్లమ్ముకునే ముసలమ్మను పిల్లల ముందర అంత మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పలకను మైక్రోస్కోపు కింద పెట్టి వంగాడు. అంతా జిగురు మరకలే. ఒక్క మూల మాత్రం కణాలు తేనెపట్టులా అలాగే ఉన్నాయి.

"ఏం కనపడతాంది సార్?" అని అడిగింది నీలావతి.

ఆయన తల తిప్పకుండానే అన్నాడు. "మీ అమ్మ కూడా ఎప్పుడూ ఇదే అడిగేది. ఎందుకమ్మా?"

ఆ పిల్ల ఖాళీ గుడ్డను మడిచి చేతిలో పట్టుకుంది.

"మాయన్నను హైవే మీద లారీ గుద్దింది సార్. బెంగళూరు ఆస్పత్రిలో పోయినాడు. కండ్లు తీసుకోండని మాయమ్మే చెప్పింది. ఒకటి మీకు పెట్టినారని ఆ ఆస్పత్రిలో పనిచేసే మా ఊరి మనిషి చెప్పినాడు. అప్పట్నుంచీ, నా కొడుకు ఏం చూస్తాండాడో అడిగొస్తానని గంపెత్తుకొని మీ కాడికి వచ్చేది సార్."