ఆటగాడి పేరు

"ఈ పొద్దే తీసుకుపో అప్పా. ఎంత ఇస్తావో నీ ఇష్టం," అంది సుగంధి.

జితేంద్ర ఆశ్చర్యపోయాడు. హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం అతనిది. పాత వీడియో గేమ్‌లు సేకరించడం పిచ్చి. ముప్పయ్యేళ్ల కిందటి ఆ గోల్ఫ్ గేమ్ క్యాసెట్ కోసం ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాడు. సేకరించేవాళ్ల గ్రూపులో ఫోటో కనబడగానే, ఆదివారం పొద్దున్నే బండి వేసుకుని ఉద్దనపల్లి వచ్చేశాడు. ఇలాంటి వస్తువును బేరమాడకుండా వదులుకునేవాళ్లను అతను ఇంతవరకూ చూడలేదు.

టీవీకి ఎదురుగా మంచం మీద ఆమె భర్త పరశురామ్ ఉన్నాడు. నిరుడు రాయకోట రోడ్డులో బైకు మీంచి పడ్డాడు. తలకు దెబ్బ. మాట పోయింది. రెండు బొటనవేళ్లు తప్ప ఏదీ కదలదు. ఆ వేళ్ల కింద గేమ్ రిమోట్. తెర మీద తెల్లబంతి ఎగిరి నీళ్లలో పడింది.

"అన్నకి ఈ ఆట ఇష్టంలా ఉంది అక్కా. తీసుకుపోతే ఎలా?"

"ఆయప్పకేం తెలీదు. చిన్నప్పుడు ఆడిన ఆట కదా, వేళ్లు వాటి పాటికి నొక్కుతాయి. డాక్టరూ అదే చెప్పినాడు." చెబుతున్నంతసేపూ ఆమె టీవీ వైపు చూడలేదు.

క్యాసెట్ బాగుందో లేదో చూసుకోవాలి. జితేంద్ర రిమోట్ అందుకోబోయాడు. ఆ వేళ్లు వదల్లేదు. కాస్త లాగాల్సి వచ్చింది.

పాత స్కోర్ల జాబితా తెరిచాడు. క్యాసెట్‌లో స్కోర్లను దాచే బ్యాటరీ ఇంకా బతికే ఉంది. ఆ గేమ్‌లో ప్రతి ఆటకీ ముందు ఆటగాడు ఒక్కో అక్షరం ఎంచుకుని తన పేరు రాయాలి. ఆ పేర్లన్నీ ఆడిన వరుసలో ఉన్నాయి.

మొదటిది పరశు. రెండోది చదివి జితేంద్ర ఆగిపోయాడు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాట.

దాహం.

దాని కింద, నొప్పి. ఆ కింద, సుగంధి.

అతను సుగంధి వైపు తిరిగాడు.

"అక్కా! ఇవి పేర్లు కాదు. అన్న మాట్లాడుతున్నాడు! ఆయనకి అన్నీ తెలుస్తున్నాయి! నేనిది కొనను. మీరు ఎవరికీ అమ్మొద్దు. ముందు డాక్టరుకి చూపిద్దాం పదండి."

మంచం మీద పరశురామ్ కళ్ల కొసల నుంచి నీళ్లు దిండులోకి జారాయి.

జాబితా ఇంకా చాలా ఉంది. జితేంద్ర కిందికి జరపబోయాడు. సుగంధి చటుక్కున వచ్చి టీవీ ఆపేసింది. అతని మోచెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి వినబడకుండా అంది.

"మొదట్నుంచీ అన్నీ చదువుతానే ఉండానప్పా, నెల దినాలుగా ఒకటే రాస్తా ఉండాడు, నన్ను చంపెయ్ అని."