కారు జాగ

"ఇంకో రెండడుగులు లోపలికి జరుపు, కారు డోర్లు తెరుసుకోవద్దా?" అన్నడు సురేశ్. చౌటుప్పల్‌ల కొన్న ప్లాటుల మేస్త్రి ఐలేశం ఇంటికి ముగ్గు పోస్తున్నడు. జరిపినప్పుడల్లా వంటింటి గీతే లోపలికి వస్తాంది.

"కారేది?" అడిగింది సురేశ్ భార్య రమ.

"కొంటం గదా. వంటింటికెంత జాగ గావాలె? నిలవడి వండేదేనాయె." సురేశ్ నవ్విండు. మేస్త్రి, ఇద్దరు కూలీలు గూడ నవ్విండ్రు.

రమకు ఒళ్లు మండింది. కొననే లేని కారు కాళ్లు జాపుకుంటదట, తనేమో మోచేతులు ముడుసుకొని బతుకంత వండాల్నట. అందరికని తెచ్చిన బువ్వగిన్నెను వంటింటి ముగ్గుల వెట్టింది.

"ఈ పక్క పొయ్యి గట్టు, ఆ పక్క ఫ్రిజ్జు. వాటినిడిశి కూసోని తినుండ్రి. గీత తొక్కొద్దు."

నలుగురు మొగోళ్లు ఇరుక్కొని కూసున్నరు. సురేశ్ ప్లేటు ఒళ్లె వెట్టుకున్నడు. కూరగిన్నె వెట్ట జాగలేక మేస్త్రి చేతులనే పట్టుకున్నడు. రమ కారు జాగల కాళ్లు జాపుకొని తింటాంది.

మేస్త్రి గొంతు సవరించుకున్నడు. "సారూ, గీత మల్ల బయటికి ఎంత జరపమంటవ్?"

సురేశ్ ఒళ్లెకెల్లి జారుతున్న ప్లేటును పట్టుకున్నడు.

"ఆయననెందుకు అడుగుతవ్?" ముద్ద మింగి అన్నది రమ. "వండేదాన్ని, నన్నడుగు."