చక్కిలాల డబ్బాకు కాపలా

ప్రతి ఏకాదశికీ డబ్బాలో చక్కిలాలు తగ్గుతున్నాయి. ఉపవాసం చెడగొట్టుకుంటున్నది భార్య కృష్ణవేణేనని వాదిరాజ ఊరంతా చెప్పాడు.

దొంగను పట్టడానికి ఆమె డబ్బా మూతమీద చెంబు పెట్టింది. మూత కదిలితే చెంబు దబ్బున కింద పడుతుంది.

"ఇదీ ఒక యంత్రమేనా?" అంటూ ఆయన చెంబు తీసేసి, ఎమ్మిగనూరు మగ్గం కండెలు, దారాలు, గోలీ, గంట కలిపి కట్టాడు. "మూత కదిలితే గోలీ దొర్లాల, గంట మోగాల. ఇప్పుడు తిను, చూస్తా!"

ద్వాదశి పొద్దునకి డబ్బా ఖాళీ. గంట మాత్రం మోగలేదు.

"నా యంత్రం చెడిపోయినట్టుంది" అన్నాడు వాదిరాజ.

కృష్ణవేణి మూత కదిపింది. గంట గణగణమంది.

"బాగానే ఉందండీ. మోగకుండా విప్పి, మళ్లీ బిగించేది చేసినోళ్లకే గదా తెలిసేది? ఇంతకీ, ఉపవాసం విడిచే పారణకు మీకు ఆకు వేసేదా, ఒద్దా?"