లెక్కలోకి రాని రౌండు

ట్యాంకర్ నిండా నీళ్లున్నాయి. వాల్వు మాత్రం తెరుచుకోలేదు.

"ఏమైంది తమ్మీ?" అని అండాలు ఖాళీ బిందెతో ముందుకొచ్చింది. బస్తీ ఆడవాళ్లంతా ఆమె వెనకే నిలబడ్డారు.

"ఈ రౌండు లెక్కకు రాలేదక్కా" అన్నాడు డ్రైవర్ లింగస్వామి. "నింపుకునేకాడ పైపు తియ్యకముందే బండి కదిలిందట. లైన్ల ఆఖరుకు పొమ్మని బండికి బిగించిన మీటరు పెనాల్టీ ఏసింది. మీరు మూడు దినాల సంది సూస్తున్నరని పోకుండ సీదా ఈడికే వచ్చిన."

నగరంలోని ట్యాంకర్లన్నిటికీ ఇదే పద్ధతి. పెనాల్టీ తీర్చని బండి ఎన్ని చుట్లు తిరిగినా మీటరు లెక్కపెట్టదు. లెక్కకు రాని రౌండుకు వాల్వు తెరుచుకోదు.

"ఇప్పుడు లైన్లకు పోతే?" అంది అండాలు.

"ముంగట ముప్పై ఎనిమిది బండ్లున్నయి. రేపు వస్త."

పైపు చివర నుంచి చుక్కలు కారుతున్నాయి. అండాలు గబుక్కున బిందె పట్టింది. మీటరు బీప్‌మంది.

"లీకు ఆగకుంటె ఇంకో రౌండు కోస్తదట" అని లింగస్వామి తల పట్టుకున్నాడు. "ఇట్లనే కారితే నీళ్లు ఎల్లుండే అక్కా!"

అండాలు బిందె పక్కన పెట్టి, పైపు మూతిని అరచేత్తో గట్టిగా అదిమింది.

"జల్ది గుడ్డ కట్టు తమ్మీ," అంది, "నీళ్లొస్తున్నయి."