కొత్త కోడలి పాదం

"కొత్త కోడలు నీళ్లు పొయ్యొద్దు," అని నాంచారమ్మ సరళ చేతిలోని చెంబును ఆపింది.

2009 జూలై. దమ్మపేట దగ్గరి తండాలో చినుకు జాడ లేదు. వాన కోసం నాంచారమ్మా, మిగతా ఆడవాళ్లూ రోకలికి వేపమండల్లో కప్పను కట్టి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి కోడలు కప్ప మీద నీళ్లు పోయాలి.

"ఎందుకు పెద్దమ్మా?"

"నువ్వు పాదం పెట్టినంక చుక్క పడ్డదా? పత్తి గింజలు మట్టిలనే మాడిపాయె."

సరళ కాళ్లకు పెళ్లినాటి పట్టీలు. పొద్దుటి దాకా వాటి చప్పుడు వింటేనే ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడు కాలు కదపబుద్ధి కాలేదు.

వాకిట్లో మంచం మీద మామ కిషన్‌లాల్ బీడీ కాలుస్తున్నాడు. పసిఫిక్ సముద్రం వేడెక్కిన ఏడాది మన వాన గాలులు బలహీనపడతాయని, మళ్లీ విత్తొద్దని నిన్న సరళ చెబితే, "ఏడనో సముద్రం కాగితే ఈడ నా పత్తి ఎండుతదా? గిదేనా నీ డిగ్రీ?" అని పగలబడి నవ్విన మనిషి. ఇక ఆయనా ఒక మాట అంటాడనుకుంది.

"నాంచారక్కా, కొత్తగూడెంల వాన పడ్డదా?"

"లేదు."

"మణుగూరుల?"

"ఆడ గూడ లేదు."

"గన్ని ఊర్లు ఎండబెట్టనీకి మా కోడలిదేమన్న ఏనుగు పాదమా? పసిఫిక్ సముద్రం కాగింది. మన దిక్కు గాలికి బలం పోయింది. గింత తెల్వదా నీకు?"

నాంచారమ్మ చెయ్యి తీసేసింది.

"నీళ్లు పొయ్యి బిడ్డా," అన్నాడు మామ. "వాన రాకున్నా, కప్పకైనా సల్లగుంటది."

సరళ చెంబు ఎత్తుకుని, పట్టీలు గట్టిగా మోగేలా ముందుకు నడిచింది.