రెండు జాడింపుల పందెం

“ఆ డబ్బా నువ్వు పీకుతావా, నన్ను పీకమంటావా?” అంటూ మామ పానా పట్టుకుని పైపు మీదికొచ్చేశాడు.

అల్లుడు అడ్డం నిలబడ్డాడు. లాండ్రీ మామది, డబ్బా అల్లుడిది. షాపు పైపులోంచి ఎన్ని నీళ్ళు పోతున్నాయో అది ఫోనుకి చెబుతుంది. బట్టలు రెండుసార్లు జాడించగానే నీళ్ళు కట్టేస్తుంది. మూడోసారి జాడించనిదే ఊరుకోని మనిషాయె మామ! అది బిగించిన రోజు నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

ఇప్పుడు పెద్ద హోటలొకటి తమ దుప్పట్లన్నీ వీళ్ళకే ఇస్తానంది. నీళ్ళ వాడకం సగానికి తగ్గాలి, ఆ సంగతి ఫోనులో కనబడాలి, అదీ షరతు. నమూనాకని హోటలు పంపిన దుప్పట్లు రెండు జాడింపులూ అయ్యి తడితడిగా గంపల్లో ఉన్నాయి. రేపు ఆరాక హోటలు మేనేజరమ్మ వచ్చి చూస్తుంది.

“రేపు సబ్బు వాసన ఏ మాత్రం వచ్చినా డబ్బాతోపాటు నువ్వూ బయటికే. కూతురి మొహం చూసి ఊరుకుంటాననుకోకు” అన్నాడు మామ.

“రాకపోతే?”

“నా కుర్చీలో నువ్వు కూర్చో. షాపు పెత్తనమంతా నీదే.”

పనివాళ్ళు కిసుక్కున నవ్వారు. అల్లుడికి ఒళ్ళు మండిపోయింది. ఇల్లరికం వచ్చినవాడికి మాటలు పడటం కొత్తేం కాదు గానీ, మరీ ఇంత లోకువా? సరేనన్నాడు. అన్నాడే గానీ ఒక్క దుప్పటి ఎత్తి వాసన చూసే ధైర్యం చాల్లేదు పాపం.

మర్నాడు మేనేజరమ్మ వచ్చింది. మామ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇంకా కోపం చల్లారలేదు కాబోలనుకున్నాడు అల్లుడు. ఆవిడ ఫోను చూసి, సగం కంటే తక్కువే వాడారే అని మెచ్చుకుంది. తర్వాత దొంతర మధ్యలోంచి ఓ దుప్పటి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“సబ్బు జాడే లేదు. రేపట్నుంచి మా దుప్పట్లన్నీ మీకే” అంది.

అల్లుడికి ఏనుగెక్కినంత సంబరం. దర్జాగా వెళ్ళి మామ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“ఏం మామగారూ, ఇప్పుడేమంటారు?”

మామ నేల చూపులు చూస్తున్నాడు. అంతలో మేడ మెట్ల మీంచి అత్తగారు గయ్యిమంటూ దిగింది.

“ఏమండీ, సబ్బు పోని దుప్పటి మన గడప దాటితే పరువు పోతుందని రాత్రి ఇంటి ట్యాంకులో నీళ్ళన్నీ తోడుకెళ్ళి ఆ హోటలు దుప్పట్లు మళ్ళీ జాడించారుగా, ఇప్పుడు నన్ను అన్నం దేంతో వండమంటారు?”